నాలుగో ఎర్ర చుక్క

మా పక్కింటి గడియారాలాయన నా మీద మునిసిపాలిటీకి పెట్టిన ఫిర్యాదు కాగితం నకలు మా ముందుగదిలో గోడకు తగిలించి ఉంటుంది. అద్దం కూడా కట్టించాను. పక్కనే మా పెళ్ళినాటి ఫోటో. ఇంటికొచ్చిన వాళ్ళు ముందు ఫోటో చూసి, తర్వాత ఇది చదివి, "అందరూ సన్మానపత్రాలు తగిలించుకుంటారు, మీరేమిటండీ ఇలా?" అని నవ్వుతారు. నా బతుక్కి దొరికిన సన్మానపత్రం అదొక్కటే. ఉన్నదాన్నే కదా తగిలించుకోవాలి!

నేను మైకుసెట్లవాణ్ణి. నలభై ఒక్క ఏళ్ళు అదే పని. సభ అన్నా, పెళ్ళన్నా, ఎన్నికలన్నా, పరుగుపందేలన్నా వైర్లు భుజాన వేసుకుని నేను ముందు వెళ్ళాలి, జనం తర్వాత రావాలి. పల్లెటూరి బడిలో ఐదు తరగతులు చదివాను. మా మాస్టారు నన్ను చివరి బెంచీలో కూర్చోబెట్టి, "నీ గొంతు ముందు బెంచీకి ఎక్కువ, పక్క ఊరికి సరిపోతుంది" అనేవారు. ఆయన ఏ ముహూర్తాన అన్నారో గానీ మాట నిలబెట్టాను. ఒకసారి నీళ్ళ ట్యాంకు మీద నాలుగు హారన్లు కట్టి మధ్యాహ్నం మూడింటికి ఊదితే, ఏటి అవతలి ఊళ్ళో కోళ్ళు తెల్లారిందనుకుని కూశాయి. ఊరంతా లేచి రెండోసారి పళ్ళు తోముకున్నారు. ఇందులో అబద్ధం రవ్వంతే. తోముకున్నది ఊరంతా కాదు, సగం ఊరు.

పని మానేసినప్పుడు హారన్లూ వైర్లూ అన్నీ ఇచ్చేశాను. ఒక్క ఆంప్లిఫయరు మాత్రం చెయ్యి వదల్లేదు. అది నేను నా చేత్తో కట్టుకున్నది. నాలుగు వాల్వులు, చెక్క పెట్టె, ముందు వైపు అరచెయ్యంత సూది మీటరు. దానికి తోడు ఒక స్పీకరు పెట్టె. ఈ వరస ఇళ్ళలోకి మారినప్పుడు, ప్లగ్గు ఎక్కడుందో చూసి, ఆ గోడకే రెండూ ఆనించి పెట్టాను. ఆ గోడ మాకూ గడియారాలాయనకూ ఉమ్మడి. ఇటు నా స్పీకరు, అటు ఆయన పనిబల్ల. మధ్యలో ఒకే ఒక్క ఇటుక వరస. గోడలకు చెవులుంటాయని పెద్దలు ఊరికే అనలేదు.

ఇల్లు మారడం గురించి ఒక మాట చెప్పాలి. పాత ఇల్లు మేడ మీద. ఇరవై ఆరు మెట్లు. మా ఆవిడ మోకాళ్ళకు పడవని నేనే నిర్ణయించి, నేనే ఇల్లు చూసి, నేనే లారీ మాట్లాడాను. ఆవిణ్ణి అడగలేదు. అడిగితే వద్దంటుందని భయం. వచ్చిన కొత్తలో బాగానే ఉంది. పోనుపోను ఇంట్లో ఏదో తగ్గినట్టు అనిపించేది. ఏమిటా అని చాలా రోజులు ఆలోచిస్తే తట్టింది. మా ఆవిడ కూనిరాగం.

ఆవిడకు నోట్లో ఎప్పుడూ ఒక రాగం ఆడుతుండేది. పదాలుండవు. మొదలూ చివరా ఉండవు. కూరలు తరిగినా, బట్టలు మడతపెట్టినా, నా మీద కోపంతో గిన్నెలు తోమినా సరే, అది అలా సాగేది. యాభై ఏళ్ళు విన్నాను. ఈ ఇంటికొచ్చాక అది నెమ్మదిగా సన్నబడి, ఆగిపోయింది. పాత ఇంటి మీద బెంగ అనుకున్నాను. అడగకుండా లాక్కొచ్చిన పాపం నాదే కదా, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగను? అందుకని మధ్యాహ్నం రెండు కాగానే సెట్టు ఆన్ చేసి, ఆవిడకు ఇష్టమైన పాత పాటలు పెట్టేవాణ్ణి. ఇల్లు మూగగా ఉండకూడదని. ఆ సెట్టు లేకపోతే ఈ ఇంట్లో ఒక్క పూట కూడా కూర్చోలేకపోయేవాణ్ణి.

వచ్చిన ఏడాది, సౌండు ఎంత పెడితే ఇంటికి సరిపోతుందో చూసి, మా ఆవిడ గోళ్ళరంగుతో నాబు పక్కన ఒక ఎర్ర చుక్క పెట్టాను. మరుసటి ఏడాదికి ఆ చుక్క దగ్గర పాట సరిగ్గా వినబడలేదు. సెట్టు ముసలిదైపోయింది పాపం అనుకున్నాను. విప్పి, పాత కండెన్సర్లు పీకి, కొత్తవి టంకం పెట్టి, ఇంకాస్త పైన రెండో చుక్క పెట్టాను. మూడో ఏడాది మళ్ళీ అదే జబ్బు. వాల్వులు మార్చి, మూడో చుక్క. నాలుగో ఏడాది ట్రాన్స్‌ఫార్మరే మార్చేసి, నాలుగో చుక్క. ప్రతిసారీ వైద్యం చేస్తున్నాను, ప్రతిసారీ రోగి నీరసిస్తున్నాడు. పెట్టె మీద చెయ్యి వేసి వినేవాణ్ణి. చేతికి పాట బాగానే తెలిసేది. అందుకే సంతోషంగా ఉండేవాణ్ణి.

అప్పుడు వచ్చింది మొదటి నోటీసు.

నివాస ప్రాంతం, పగలు యాభై ఐదు డెసిబెళ్ళు, రాత్రి నలభై ఐదు. కొలత పొరుగింటి గోడ దగ్గర. మొదటిసారి హెచ్చరిక, రెండోసారి తనిఖీ, మూడోసారి యంత్రం జప్తు. కింద ఫిర్యాదుదారుడి సంతకం. అక్షరాలు ఎంత చిన్నవంటే, గడియారం పళ్ళచక్రాలు వరస పెట్టినట్టున్నాయి. చూడగానే ఎవరో తెలిసిపోయింది.

"తాటాకు చప్పుళ్ళకు కుందేళ్ళు బెదురుతాయా!" అన్నాను మా ఆవిడతో.

"కుందేలుకు చెవులు పెద్దవండీ. మీ సంగతి చూసుకోండి" అంది ఆవిడ.

ఆవిడ నాతో మాట్లాడితే వీధి చివరిదాకా వినబడేలా మాట్లాడుతుంది. వయసొచ్చాక గొంతు పెరిగిందనుకునేవాణ్ణి.

నెలన్నరకి రెండో నోటీసు. గురువారం మూడు గంటలకు తనిఖీ అధికారి వస్తారని. ఆ పూట గేటు దగ్గర గడియారాలాయన ఎదురుపడ్డాడు. నాకన్నా పదిహేనేళ్ళు చిన్న. సన్నగా, ఒక కన్ను కాస్త చికిలించి చూస్తాడు. ముప్పై ఏళ్ళు భూతద్దం బిగించిన కన్ను.

"ఏమయ్యా, మనిషి పక్కనే ఉంటే కాగితం మీద పోట్లాడతావా? నోరు లేదూ నీకు?" అన్నాను.

"నోరుంది, చెయ్యీ ఉంది. మూడుసార్లు వచ్చి మీ తలుపు తట్టాను. మూడుసార్లూ మీరు తియ్యలేదు."

"అబద్ధం! నా ఇంటి తలుపు ఎవరూ తట్టలేదు."

"మూడోసారి కిటికీలోంచి చూశాను కూడా. కుర్చీలో కూర్చుని, పెట్టె మీద చెయ్యేసి, కళ్ళు మూసుకుని నవ్వుతున్నారు. నన్ను చూసే నవ్వుతున్నారనుకున్నాను."

"నిన్ను చూస్తే నవ్వెందుకొస్తుందయ్యా? ఏడుపొస్తుంది గానీ."

"నాకొచ్చింది ఏడుపు" అన్నాడతను. "గోడగడియారం బాగుచెయ్యడమంటే ఏమిటనుకున్నారు? టిక్కుకీ టక్కుకీ మధ్య ఎడం సమానంగా ఉండాలి. అది చెవితోనే చూడాలి. ఎడం తేడా వస్తే రెండు రోజుల్లో ఆగిపోతుంది. మీ మోతలో సరిచూడలేక అలాగే ఇచ్చేశాను ఒకటి. ఆగిపోయింది. ఆ గడియారం తెచ్చినాయన తిరిగొచ్చి నలుగురిలో, 'నీకు పని రాదు' అన్నాడు. మా నాన్న నేర్పిన పని. ఆ మాట నేనెప్పుడూ పడలేదు."

నాకు చురుక్కుమంది. కానీ ఒప్పుకుంటే సెట్టు పోతుంది. అందుకని, "నా సెట్టు దోమ పాడినట్టు పాడుతుంది. కావాలంటే ఆ అధికారినే తేల్చమను" అని లోపలికొచ్చేశాను.

గురువారం వచ్చింది. ముతక ఖద్దరు సంచీ, అందులో టీవీ రిమోటంత మీటరు. మీటరు తలకు నల్ల స్పంజి టోపీ. తెచ్చినావిడకు నలభై ఏళ్ళుంటాయి. మా వీధిలో అప్పటికే ఆవిడ పేరు మీటరమ్మ. నాకు ఆవిడలో ఒకటే నచ్చలేదు. గొంతు మరీ చిన్నది.

"కాస్త గట్టిగా చెప్పమ్మా."

మళ్ళీ ఏదో అంది.

"మోతల మీద ఉద్యోగం కదా, అలవాటుగా గొంతు దాచుకుంటున్నావు. నీ మీద కేసు పెట్టేవాళ్ళెవరూ లేరిక్కడ. గట్టిగా చెప్పు."

మా ఆవిడ మొహం అదోలా పెట్టింది. మీటరమ్మ నవ్వి, గొంతు పెంచి, "మీరు రోజూ పెట్టే చోటే పెట్టండి తాతగారూ. తగ్గించొద్దు, పెంచొద్దు" అంది.

నాలుగో చుక్క దగ్గర పెట్టాను. నేను నిజాయితీగల మనిషిని. నలుగురమూ గడియారాలాయన ఇంట్లోకి వెళ్ళాం. అక్కడ మొదటిసారి చూశాను ఆయన పనిబల్ల. తెల్లగుడ్డ పరిచి, దాని మీద నువ్వుగింజంత మరలు, వెంట్రుకలాంటి స్ప్రింగులు. చుట్టూ బల్ల అంచుకు అట్టముక్కలు అడ్డు కట్టాడు. ఎందుకా అని చూస్తుంటే, తెల్లగుడ్డ మీద మరలు మెల్లగా నడుచుకుంటూ ఆ అట్టల దగ్గరకు పోతున్నాయి. నా పాట తాళానికి అడుగులేస్తూ. అవి కింద పడి పోకుండా కట్టుకున్న గోడ అది.

మీటరు చూపించింది. డెబ్భై మూడు.

"మీ మీటరు తప్పు" అన్నాను.

ఆవిడకు కోపం రాలేదు. సంచీలోంచి చిన్న గొట్టంలాంటిది తీసి మీటరు తలకు తొడిగింది. "ఇది సరిగ్గా తొంభై నాలుగు పలుకుతుంది తాతగారూ. రోజూ పని మొదలుపెట్టేముందు దీంతో సరిచూసుకుంటాను. చూడండి." తొంభై నాలుగే చూపించింది. పాయింటు తర్వాత సున్నా.

పనిముట్టును పనిముట్టుతో సరిచూడటం మా వృత్తిలోనూ ఉంది. దానికి ఎదురు చెప్పలేను. "అయితే గోడలో ఏదో ఉంది" అన్నాను. "నలభై ఒక్క ఏళ్ళ అనుభవం. ఏది ఎంత మోగుతుందో నా చెవికి తెలుసు."

"మీటరును దీంతో సరిచూశాను" అంది ఆవిడ. "మీ చెవిని ఎప్పుడైనా దేనితోనైనా సరిచూశారా?"

నేను సెట్టు కట్టేసి వచ్చాను. అప్పుడు గడియారాలాయన బల్ల మీద నుంచి ఒక బల్లగడియారం తీసి నా చేతికిచ్చాడు. దానికి ముళ్ళు తీసేసి ఉన్నాయి. చూసి చెప్పడానికి లేదు.

"చెవిలో పెట్టుకుని చెప్పండి. ఆడుతోందా, ఆగిందా?"

కుడి చెవికి ఆనించాను. ఎడమ చెవికి ఆనించాను. మళ్ళీ కుడి చెవికి. గెలిచాననుకున్నాను.

"ఆగిపోయింది!" అన్నాను. "ఆగిపోయిన గడియారం బల్ల మీద పెట్టుకుని, సరిచూడలేకపోతున్నానని నా మీద ఫిర్యాదా? ఆడలేనమ్మ మద్దెల ఓడు అందిట!"

ఎవరూ నవ్వలేదు. మీటరమ్మ నేల చూపులు చూస్తోంది. గడియారాలాయన మొహంలో కోపం ఒక్కసారిగా కరిగిపోవడం నా కళ్ళతో చూశాను.

గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ నెమ్మదిగా అంది. నెమ్మదిగా అంటే ఆవిడ లెక్కలో. "ఏమండీ, అది ఆడుతోంది. నాకు ఇక్కడికే వినబడుతోంది."

గడియారం ఇంకా నా చేతిలోనే ఉంది. అప్పుడు తెలిసింది. అరచేతిలో చిన్న పిట్ట గుండెలా కొట్టుకుంటోంది. టిక్కు, టక్కు. ఎడం సమానంగానే ఉంది. చెయ్యి వింటోంది. చెవి వినడం లేదు.

నాలుగేళ్ళుగా వైద్యం చేసింది తప్పు రోగికి. సెట్టు నాకన్నా ఆరోగ్యంగా ఉంది. నా చెవులు తగ్గిన కొద్దీ దాని బలం పెంచుకుంటూ పోయాను. మద్దెల ఓడన్నది నేనే. ఆయన తలుపు తట్టింది నిజమే. మూడుసార్లూ నిజమే.

"నీకు తెలీదూ?" అని మా ఆవిణ్ణి అడిగాను.

"పిలిస్తే పలకరని తెలుసు" అంది. "పలక్కపోవడం మీకు కొత్తా? పెళ్ళైన మర్నాటి నుంచీ అంతేగా. చెవుడొచ్చిందో, మామూలుగానే ఉన్నారో నాకెలా తెలుస్తుంది?"

మీటరమ్మ నవ్వు ఆపుకోలేక సంచీలో ఏదో వెతికినట్టు నటించింది. తర్వాత కాగితం తీసి రాయడం మొదలుపెట్టింది. డెబ్భై మూడు అంటే తప్పించుకోవడానికి లేదు.

"జప్తు చేస్తావా అమ్మా?"

"జప్తు మూడోసారికి. ఇది రెండోది. లోపం సరిదిద్దుకోవడానికి ఇరవై ఒక్క రోజుల గడువు ఉంది. లోపం ఎక్కడుందో రాయాలి." పెన్ను కాసేపు గాల్లో ఆపి, తర్వాత రాసి నాకు చూపించింది. 'యంత్రం సక్రమంగా ఉన్నది. వినేవారి చెవి పరీక్ష అవసరం.' కింద ఆసుపత్రి చిరునామా. "మా ఆఫీసువాళ్ళమంతా ఏటేటా అక్కడే చూపించుకుంటాం. మోతల్లో తిరిగేవాళ్ళం కదా" అంది. ఈసారి నా కోసం గట్టిగానే చెప్పింది. వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వెళ్ళినావిడ వెనక్కొచ్చి, "వాయిదా వెయ్యొద్దు తాతగారూ" అని మళ్ళీ చెప్పింది. జరిమానా రాయడానికి వచ్చిన మనిషి ఆసుపత్రి చిరునామా రాసిచ్చి వెళ్ళడం నా జన్మలో చూడలేదు.

సోమవారం పొద్దున్నే గడియారాలాయన స్కూటరు తుడిచి మా గేటు ముందు పెట్టాడు. "ఎక్కండి అన్నగారూ" అన్నాడు. అన్నగారూ అనడం అదే మొదలు.

"నా మీద కేసు పెట్టి, నన్నే స్కూటరెక్కిస్తావా?"

ఆయన ఏదో అన్నాడు. వినబడలేదు. వెనక కూర్చున్నాను కదా, వీపు మీద చెయ్యి వేసి ఉంచాను. నవ్వుతున్నాడని చేతికి తెలిసింది.

ఆసుపత్రిలో నన్ను ఒక గాజు తలుపు గదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి, చేతికి మీట ఇచ్చారు. వినబడినప్పుడల్లా నొక్కమన్నారు. చాలాసేపు ఏమీ మోగలేదు. పాపం వీళ్ళ సెట్టు కూడా పాడైందనుకున్నాను. అలవాటు పోతుందా! తర్వాత చెవుల డాక్టరు కాగితం మీద గీత చూపించాడు. పైనుంచి కిందికి మెట్లు దిగినట్టుంది. మోకాళ్ళకు పడవని ఇరవై ఆరు మెట్లు వదిలి వస్తే, చెవిలోకి దిగాయి.

"ఏం పని చేసేవారు?"

చెప్పాను. ఏటి అవతలి కోళ్ళ సంగతి కూడా చెప్పాను.

"ఆ కోళ్ళ ఉసురు తగిలింది" అన్నాడు ఆయన నవ్వకుండా. మంచి డాక్టరు.

చెవి మిషన్లు అమర్చేసరికి గడువులో పద్దెనిమిదో రోజు వచ్చింది. శనగగింజలంత ఉన్నాయి రెండూ. డాక్టరు స్విచ్చి వెయ్యగానే ఉలిక్కిపడ్డాను. గదిలో ఎవరో ఎండుటాకుల మీద నడుస్తున్నారు. చూస్తే, నేనే నా చొక్కా జేబు సర్దుకుంటున్నాను. బయటికొస్తే నా చెప్పులు నన్ను వెంబడించాయి. ఎవరో వెనకే వస్తున్నారని రెండుసార్లు తిరిగి చూశాను. గడియారాలాయన స్కూటరుకు ఇంత నోరుందని నాకు తెలీదు.

"ఈ స్కూటరు మీద ఫిర్యాదు పెట్టాలి" అన్నాను దారిలో.

"పెట్టండి. అక్షరాలు మాత్రం పెద్దవి రాయండి, చిన్నవైతే ఇదీ నేనే పెట్టాననుకుంటారు" అన్నాడు. మొదటిసారి ఆయన జోకు పూర్తిగా వినబడింది. గొప్ప జోకేం కాదు. అయినా దారంతా నవ్వాను.

ఇంటి దగ్గర దింపి ఆయన తన గుమ్మంలోకి వెళ్ళాడు. నేను తలుపు తీశాను. తలుపు కిర్రుమంది. ముందుగదిలో అడుగుపెట్టేసరికి, సన్నగా పాట.

సెట్టు కట్టెయ్యకుండా వెళ్ళానేమో అనుకున్నాను. పద్దెనిమిది రోజులుగా అది ముట్టుకోలేదు కదా, ఎలా మోగుతోంది? వెళ్ళి పైన చెయ్యి వేశాను. వాల్వులు వెలుగుతుంటే పెట్టె వెచ్చగా ఉంటుంది. చల్లగా ఉంది. స్పీకరు మీద చెయ్యి వేశాను. కదలిక లేదు. నలభై ఒక్క ఏళ్ళ అనుభవంతో ప్లగ్గు కూడా పీకి చూశాను. పాట ఆగలేదు.

వంటింటి గుమ్మం దగ్గరకు వెళ్ళాను. మా ఆవిడ నాకు వీపు పెట్టి బీరకాయలు తరుగుతోంది. కత్తి పలక మీద పడే చప్పుడు, దాని మీదుగా కూనిరాగం. పదాలు లేవు. మొదలూ చివరా లేవు. కత్తి ఆగినప్పుడు అది ఆగలేదు. గొంతు కాస్త వణికింది. నాలుగేళ్ళలో వయసొచ్చింది దానికి కూడా. ఆ నాలుగేళ్ళ వణుకు నేను వినలేదు.

గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఎంతసేపో తెలీదు. ఆవిడ పొట్టు పారెయ్యడానికి తిరిగి, నన్ను చూసి గావుకేక పెట్టింది. మిషన్లు చెవుల్లో గంట కొట్టినట్టు మోగాయి.

"దొంగలా అలా నిలబడతారేంటి? డాక్టరేమన్నాడు? వినబడుతోందా?"

"అరవకు. వినబడుతోంది" అన్నాను. "మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టావు?"

"ఏది?"

"పాట."

"మొదలుపెట్టడమేంటి? మానితేగా?"

"నాలుగేళ్ళుగా ఇంట్లో వినబడలేదు."

"మీ సెట్టు మోతలో నాకే వినబడేది కాదు. అయినా నోరు ఊరుకుంటుందా? దాని పని అది చేసుకుంటూ పోయింది."

నేను అడగడానికి భయపడిన మాట అప్పుడు అడిగాను. "పాత ఇల్లు వదిలొచ్చామని బెంగ పెట్టుకున్నావనుకున్నాను."

"ఆ మెట్లా!" అంది ఆవిడ. "పీడా పోయింది. రోజుకు నాలుగుసార్లు ఎక్కి దిగేదాన్ని. మీరు ఇల్లు చూశానన్న రోజున సంతోషం పట్టలేక ఆ పూట ఉప్పు రెండుసార్లు వేశాను. మీరేమో మాట్లాడకుండా తిన్నారు." కాసేపు నన్ను చూసి, "ఇదిగో, అలా కళ్ళు తుడుచుకుంటూ నిలబడతారా, రెండు ఉల్లిపాయలు తరుగుతారా? ఎలాగూ ఏడుస్తున్నారు" అంది.

తరిగాను. ఉల్లిపాయలకు ఆ రోజు చాలా రుణపడ్డాను.

సాయంత్రం కూర్చుని బ్లేడుతో పైన ఉన్న మూడు చుక్కలూ గీకేశాను. మొదటి చుక్క ఉంచాను. స్పీకరు పెట్టెను ఉమ్మడి గోడ నుంచి తీసి ఎదుటి మూలకు జరిపాను. కింద రెండు పొరల పాత కంబళి వేశాను. ఇవన్నీ మొదటి రోజే చెయ్యదగ్గవి, సెట్లవాడికి తెలియనివి కావు.

ఇరవై ఒకటో రోజున మీటరమ్మ వచ్చింది. గడియారాలాయన ఇంట్లో గోడ దగ్గర కొలిస్తే ముప్పై ఎనిమిది. ఆయన బల్ల చుట్టూ అట్టముక్కలు లేవు. తర్వాత మా ముందుగదిలోకొచ్చి సెట్టు కట్టెయ్యమని, ఖాళీ గది కొలత రాసుకోవాలంది. కట్టేశాను. మీటరు నలభై రెండు చూపించింది. ఖాళీ గదికి అది ఎక్కువ.

"నిజంగా కట్టేశారా తాతగారూ?"

"ప్లగ్గే పీకాను తల్లీ."

"మరి ఈ ధ్వని ఎక్కడిది?"

వేలితో వంటింటి వైపు చూపించాను. మా వెంట వచ్చిన గడియారాలాయన కళ్ళు మూసుకుని, పనిబల్ల దగ్గర విన్నట్టు విని, "ఎడం సమానంగానే ఉంది" అన్నాడు.

"ఇది లెక్కలోకి రాదు" అని మీటరమ్మ ఫైలు మూసేసింది. ఆవిడ గొంతు చిన్నది కాదని ఆ రోజే తెలిసింది. చక్కగా, చల్లగా ఉంటుంది. వెళ్ళేముందు నేను అడిగింది ఒక్కటే. మొదటి ఫిర్యాదు నకలు. ఎందుకని అడిగింది, చెప్పాను. నాలుగో రోజుకు పంపించింది.

గడియారాలాయనకు మాత్రం ఆ అద్దం ఫ్రేము అంటే చచ్చేంత సిగ్గు. సాయంత్రం టీకి వచ్చినప్పుడు దానికి వీపు పెట్టి కూర్చుంటాడు.

"తీసెయ్యండి అన్నగారూ. నలుగురూ చదువుతున్నారు."

"చదవనీ. నువ్వు మూడుసార్లు తలుపు తట్టి ఊరుకునే మంచివాడివైతే, ఈ పాటికి నేను ఐదో చుక్క పెట్టుకుని, చల్లగా కాటికి పోయేవాణ్ణి, ఆవిడ పాట వినకుండానే. ఈ మోతల చట్టం పుట్టించినవాడెవడో గానీ, వాడి ఇంట గడియారాలు ఆగకుండా ఆడాలి తమ్ముడూ."

అప్పుడే లోపల్నుంచి మా ఆవిడ, మునుపటి కన్నా సగం గొంతుతో, "ఏమండీ, ఆ ఖాళీ కప్పులు కాస్త ఇలా తెచ్చిపెట్టండి" అంది. ప్రతి అక్షరం విడివిడిగా వినబడింది. యాభై ఏళ్ళ అలవాటు కదా, వినబడనట్టు కూర్చున్నాను.

గడియారాలాయన నన్ను ఒంటి కన్ను చికిలించి చూశాడు. "వదినగారూ!" అని కేకేశాడు. "అన్నగారికి వినబడింది! నటిస్తున్నారు!"

అది ఆయన నా మీద పెట్టిన మూడో ఫిర్యాదు. దానికి అద్దం ఎలా కట్టించాలో తెలియక, కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళాను.